మొదటి సూపర్‌వైజర్ ఇంటర్వ్యూకి వెళ్తున్న బుజ్జికి

బుజ్జీ,

నిన్న రాత్రి నీ మెసేజ్ చూశాను. మీ మందుల కంపెనీ ప్యాకింగ్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్ పోస్టుకి లోపలివాళ్లనే పిలుస్తున్నారని, ఇంకా పదిహేను రోజులే టైం ఉందని రాశావు. "పెద్దమ్మా, నేనెప్పుడూ ఎవరిమీదా పెత్తనం చేసినదాన్ని కాదు, ఏం చెప్పుకోను?" అని అడిగావు. ఫోన్‌లో చెప్తే సగం గాలికి పోతుందని కూర్చుని రాస్తున్నాను. ఒకటికి రెండుసార్లు చదువు.

ముందు ఆ పెత్తనం అనే మాట తీసి పక్కన పెట్టు. నేను 1991లో జీడిమెట్లలో ప్యాకింగ్ పనికి చేరినప్పుడు నాకు పని నేర్పిన సూపర్‌వైజర్ బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో చేసి వచ్చిన మనిషి. ఆయన గొంతు పెంచగా నేను ఒక్కసారీ వినలేదు. షిఫ్ట్‌కి పావుగంట ముందే వచ్చి లైన్ ఆ చివర నుంచి ఈ చివరిదాకా నడిచేవాడు. ఇవాళ ఎవరు రాలేదు, నిన్న ఏ మెషిన్ మొరాయించింది, ఫాయిల్ ఎంత మిగిలింది, ముందు షిఫ్ట్ వాళ్లు లాగ్‌బుక్‌లో ఏం రాసి వెళ్లారు, అన్నీ చూసుకునేవాడు. సూపర్‌వైజర్ అనగానే నాకు ఇప్పటికీ ఆ నడకే గుర్తొస్తుంది. ఇంటర్వ్యూలో కూర్చునేవాళ్లు నీలో వెతికేది కూడా అదే. ఎనిమిది గంటలపాటు ఈ లైన్ మీద ఏం జరిగినా అది నాది అని నిలబడే మనిషివేనా కాదా అని చూస్తారు.

అలా నిలబడిన రోజులు నీ ఆరేళ్లలో ఉన్నాయి. అవి సూపర్‌వైజర్ పనులని నీకు తెలియదు, అంతే. ఈ వారం ఒక నోట్‌బుక్ పెట్టుకుని గుర్తొచ్చినప్పుడల్లా రాయి. కొత్తగా వచ్చిన ఒడిశా పిల్లలకి కార్టన్ మడతపెట్టడం ఎవరు నేర్పారు? సూపర్‌వైజర్ సెలవు పెట్టిన రోజు నాణ్యత చూసే క్యూఏ వాళ్లని పిలిచి, పాత బ్యాచ్ సరుకేమీ లైన్ మీద మిగల్లేదని చూసే లైన్ క్లియరెన్స్ ఎవరు చేయించారు? పన్నెండు మంది కావాల్సిన లైన్‌కి తొమ్మిది మందే వచ్చిన రోజు ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరు చెప్పారు? ఇంట్లో కూర్చుని వినేదాన్ని నాకే ఇన్ని తెలుసు.

వాటిలో మూడో నాలుగో ఏరి బాగా తయారు చేసుకో. ఎలాగో ఒకటి చూపిస్తాను. పోయినేడు రాత్రి షిఫ్ట్‌లో ఎక్స్‌పైరీ తప్పు పడ్డ సంగతి నాకు ఫోన్‌లో చెప్పావు గుర్తుందా? ఇంటర్వ్యూలో అడిగితే నువ్వు మామూలుగా "ఒకసారి ప్రింటింగ్ మిస్టేక్ పట్టుకున్నాను సార్" అని ఊరుకుంటావు. అలా చెప్తే ఏమీ చెప్పనట్టే. ఇలా చెప్పు:

"రాత్రి రెండు గంటల చెక్‌లో కార్టన్ మీద బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ సరిగ్గానే ఉన్నాయి. రెండుంపావుకి కరెంటు పోయి వచ్చింది, మెషిన్ మళ్లీ స్టార్ట్ చేశాం. రెండూ నలభైకి నా చేతిలోకి వచ్చిన కార్టన్ మీద పాత బ్యాచ్ ఎక్స్‌పైరీ కనపడింది. వెంటనే లైన్ ఆపించాను. సూపర్‌వైజర్‌కి చెప్పాను. ఎప్పటినుంచి తప్పు పడుతోందో తెలియదు కాబట్టి, సరిగ్గా ఉందని చూసిన చివరి చెక్ తరవాత వచ్చిన కార్టన్లన్నీ విడిగా పెట్టించి హోల్డ్ లేబుల్ అంటించాను. క్యూఏ వాళ్లు వచ్చి చూశారు, జరిగిన తేడాని డీవియేషన్‌గా రికార్డులో రాశారు. ఆ తరవాత మెషిన్ ఎందుకు ఆగినా సరే, మళ్లీ స్టార్ట్ చేయగానే మొదటి కార్టన్ చూసి సంతకం పెట్టాలని మా లైన్‌లో పెట్టారు."

చూశావా, ఇందులో గొప్పలు లేవు. టైం ఉంది, నువ్వు చేసిన పని ఉంది, చివరికి ఏం మారిందో ఉంది. రెండు గంటల చెక్ నుంచే ఎందుకు విడదీశావో చెప్పిన ఆ ఒక్క ముక్క చాలు, ఎదుటివాడికి నువ్వు ఆలోచించి పనిచేసే మనిషివని తెలియడానికి. లైన్ ఆపే ధైర్యం చాలామందికి ఉండదు తల్లీ. నీకుంది. అది చెప్పుకోవడానికి మొహమాటపడకు. అయితే చేయనిది మాత్రం చేశానని చెప్పకు. సూపర్‌వైజర్‌కి చెప్పింది నువ్వు, డీవియేషన్ రాసింది క్యూఏ వాళ్లు. ఎవరి పని వాళ్లకే ఉంచు.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్తాను. మీ అమ్మకి కూడా తెలియదు. 2001లో నేను మొదటిసారి సూపర్‌వైజర్ ఇంటర్వ్యూకి వెళ్లి తప్పాను. మేనేజర్ గారు అడిగింది చాలా చిన్న ప్రశ్న. "నీ పక్కన కూర్చునే అమ్మాయి రోజూ పది నిమిషాలు లేటుగా వస్తోంది. రేపు నువ్వు సూపర్‌వైజర్‌వి. ఏం చేస్తావమ్మా?" నేను తడుముకోకుండా "మీకు చెప్తాను సార్" అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టి, "అన్నీ నాకే చెప్తే మధ్యలో నువ్వెందుకు?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. బస్సులో ఇంటికొచ్చేదాకా కళ్లనీళ్లు ఆగలేదు. రెండేళ్ల తరవాత వేరే చోట ఇంచుమించు అదే ప్రశ్న అడిగారు, అప్పుడు వచ్చింది ఉద్యోగం.

ఈ ప్రశ్న నీకు తప్పకుండా వస్తుంది. ఎందుకంటే ఇన్నాళ్లూ ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నవాళ్లకే రేపు నువ్వు పని చెప్పాలి. లోపలివాళ్లని తీసుకునేటప్పుడు మేనేజ్‌మెంట్‌కి ఉండే పెద్ద భయం ఇదే. సమాధానం బట్టీపట్టకు, నిజంగా ఏం చేస్తావో ఆలోచించుకో. నేనైతే ఆ అమ్మాయిని నలుగురిలో అనను. టీ టైంలో పక్కకి పిలిచి ఎందుకు లేటవుతోందని అడుగుతాను. బస్సు మారాల్సి వస్తోందా, ఇంట్లో పసిపిల్ల ఉందా, ఒంట్లో బాగోలేదా అని కనుక్కుంటాను. నా చేతిలో ఉన్న సాయం చేస్తాను. నువ్వు రాక లైన్ క్లియరెన్స్ ఆగుతోంది, మిగతా పదకొండు మంది నీకోసం కూర్చుంటున్నారని కూడా చెప్తాను. మళ్లీ అలాగే వస్తే, ఇకమీదట రాతలో పెట్టాల్సి వస్తుందని ముందే చెప్పి, అప్పుడు రాస్తాను. అప్పటికీ మారకపోతేనే పైకి తీసుకెళ్తాను. స్నేహితురాలికి ఒక న్యాయం, కొత్తగా వచ్చిన కాంట్రాక్ట్ అమ్మాయికి ఒక న్యాయం ఉండదని ఆ గదిలో గట్టిగా చెప్పు. చెప్పాక నిలబడాల్సింది నువ్వేనని గుర్తుపెట్టుకో.

నీకంటే పెద్దవాళ్లు మాట వినకపోతే ఏం చేస్తావనీ అడుగుతారు. మాత్రల్ని స్ట్రిప్పుల్లో నింపే బ్లిస్టర్ మెషిన్ మీద ఇరవై ఏళ్లుగా ఉన్న అన్నకి ఆ మెషిన్ చప్పుడులో తేడా నీకంటే ముందు తెలుస్తుంది. "అన్నా, మీరేమంటారు?" అని ముందు అడిగి, నిర్ణయం మాత్రం నేనే తీసుకుంటానని చెప్పు. ఈ మాట నేను పని చేసి నేర్చుకున్నది.

ఇక మన మందుల కంపెనీల్లో మాత్రమే వచ్చే ఒక ప్రశ్న ఉంది. "ఈ రాత్రికే డిస్పాచ్. నిన్న మీ ఆపరేటర్ బ్యాచ్ రికార్డులో ఒక సంతకం పెట్టడం మర్చిపోయాడు. ఏం చేస్తావు?" ఇది నిజాయితీకి పరీక్ష. నిన్నటి తేదీ వేసి సంతకం పెట్టిస్తానని పొరపాటున కూడా అనకు. ఆ పని చేసినవాళ్ల చేతే, ఇవాళ్టి తేదీతో, ఎందుకు ఆలస్యమైందో రాయించి, క్యూఏకి చెప్పి చేస్తానను. డిస్పాచ్ ఆలస్యమైతే అవుతుంది. ఆ మాత్ర ఎవరింట్లో ఎవరు వేసుకుంటారో మనకి తెలియదు.

లెక్క కూడా అడుగుతారు. కంగారుపడకు, కాగితం తీసుకో. షిఫ్ట్ 480 నిమిషాలు. భోజనానికి 30, రెండు టీలకి 30, లైన్ క్లియరెన్స్‌కీ, ఒక బ్యాచ్ నుంచి ఇంకోదానికి మారే చేంజ్ ఓవర్‌కీ 60 పోతే 360 మిగుల్తాయి. నిమిషానికి 150 స్ట్రిప్పులంటే 54,000 రావాలి. 43,200 వచ్చాయంటే 80 శాతం. అక్కడితో ఆగకు, మిగతా 20 శాతం ఎక్కడ పోయిందో ఎలా వెతుకుతావో చెప్పు: మెషిన్ ఎన్నిసార్లు ఆగింది, ప్రతిసారీ ఎన్ని నిమిషాలు, ఫాయిల్ రోల్ మార్చడానికి ఎంత పట్టింది. కార్టన్ల లెక్కా అంతే. 5,000 ఇచ్చారు, 4,920 వాడారు, 62 పాడయ్యాయి, 15 వాపసు వెళ్లాయి. మూడు తేలాలి. మూడే కదా అని వదిలేసేవాళ్లని సూపర్‌వైజర్‌ని చేయరు. కన్వేయర్ కింద, రిజెక్షన్ డబ్బాలో, చెత్త సంచిలో చూస్తాను, అప్పటికీ దొరక్కపోతే రికార్డులో ఉన్నదున్నట్టు రాసి క్యూఏకి చెప్తానను.

నియమాల్లో కొన్ని నోటికి రావాలి. వారానికి 48 గంటలు, దాటితే ఓవర్‌టైంకి రెట్టింపు జీతం అన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉన్నదే. పదిమందో అంతకన్నా ఎక్కువో పనిచేసే చోట, ఆడవాళ్ల మీద లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తోంది. మీ కమిటీలో ఎవరున్నారో పేర్లు తెలుసుకుని వెళ్లు, రేపు ఎవరైనా ఏడుస్తూ నీ దగ్గరికే వస్తారు. మందుల తయారీ ఎలా ఉండాలో చెప్పే షెడ్యూల్ ఎం ని సవరించి 2023 డిసెంబరు చివర్లో నోటిఫై చేశారు, దాని గురించి మీ ట్రైనింగ్‌లో చెప్పినవి ఒకసారి తిరగెయ్యి.

రాత్రి షిఫ్ట్ చేస్తావా, పెళ్లెప్పుడు అని అడగొచ్చు. పెళ్లి సంగతికి "పనికి అడ్డు రాకుండా చూసుకుంటాను సార్" అని ఒక్క మాటతో తెంచెయ్. రాత్రి షిఫ్ట్ గురించి మాత్రం నువ్వే ఎదురు అడుగు: ఇంటిదాకా బండి ఉంటుందా, లైన్‌లో ఇంకెంతమంది ఆడవాళ్లు ఉంటారు అని. అది భయం కాదు, రేపు నీ కింద పనిచేసే అమ్మాయిల కోసం కూడా అడుగుతున్నావు.

ఇంగ్లీషు గురించి అంత దిగులెందుకు? ఎలా వస్తే అలా చెప్పు, ఆగిపోతే తెలుగులో పూర్తి చెయ్యి. నిజానికి లైన్ మీద నీకు ఎక్కువ పనికొచ్చేది హిందీ. బీహార్, ఒడిశా పిల్లలతో నువ్వు హిందీలో మాట్లాడతావన్న సంగతి తప్పకుండా చెప్పు. ఇస్త్రీ చేసిన చుడీదార్ చాలు, చీర అక్కర్లేదు. ఇప్పటి సూపర్‌వైజర్ గురించి ఎంత లాగినా చెడుగా మాట్లాడకు.

చివర్లో "నువ్వేమైనా అడుగుతావా?" అంటారు. తల ఊపి లేచి రాకు. "మొదటి మూడు నెలల్లో ఈ షిఫ్ట్‌లో నేను ముందుగా దేన్ని సరిచేయాలని మీరనుకుంటున్నారు?" అని అడుగు. వాళ్లు చెప్పింది రాసుకో. జీతం ఎంత పెరుగుతుందో, ఓవర్‌టైం ఇకముందు ఉంటుందో లేదో కూడా అడుగు. సూపర్‌వైజర్ అయ్యాక ఓవర్‌టైం ఆగిపోయి, చేతికొచ్చేది తగ్గిన వాళ్లని నేను చూశాను.

ఈ ఆదివారం నోట్‌బుక్ తీసుకుని పొద్దున్నే మా ఇంటికి రా. నేను మేనేజర్‌లా కుర్చీలో కూర్చుంటాను, నువ్వు తలుపు దగ్గర నుంచి నడిచి రావాలి. మీ పెదనాన్న పక్కన కూర్చుని అడ్డదిడ్డంగా అడుగుతానంటున్నారు, అడగనీ. మధ్యాహ్నం భోజనం చేసి రెండోసారి కూడా చేద్దాం. లేటుగా వచ్చే అమ్మాయి ప్రశ్నతోనే మొదలుపెడతాను.

మీ పెద్దమ్మ