ఉద్యోగం చేసుకుంటూ ఐదెకరాల్లో మామిడి తోట పెట్టొచ్చా?

హైదరాబాద్‌లో ఉద్యోగం ఉంది, కొంత పొదుపు ఉంది, ఐదెకరాలు కొని బంగినపల్లి వేస్తే రిటైరయ్యేలోపు స్థిరమైన ఆదాయం మొదలవుతుందా అని అడిగారు. ఫామ్‌ల్యాండ్ వాళ్లు ఎకరాకు ఏటా ఇంత గ్యారంటీ అని ఇచ్చిన లెక్క కూడా పెట్టారు. ముందు ఆ లెక్క పక్కన పెట్టేయండి. మామిడిలో ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు చెట్టు తగ్గుతుంది. గ్యారంటీ అనే మాట ఎవరూ ఇవ్వలేరు.

మాది నూజివీడు దగ్గర, ఆగిరిపల్లి వైపు. 2003 వానాకాలంలో ఆరెకరాల ఎర్ర నేలలో 240 అంట్లు పెట్టాం. 33 అడుగుల ఎడం, ఎకరాకు 40 చెట్లు. నాకు అప్పుడూ ఇప్పుడూ విజయవాడలో ఉద్యోగమే. 2017 దాకా తోట నాన్న చూశారు, ఆయన పోయాక నేను చూస్తున్నాను. చెట్లు అవే, నేల అదే. చూసే మనిషి మారితే ఏమవుతుందో నాకు తెలిసింది చెప్తాను.

మొదటి ఐదేళ్లు మామిడి మీద రూపాయి ఆశించకండి. మూడో ఏడే పూత కనిపిస్తుంది, మనసొప్పకపోయినా తుంచేయాలి. లేత చెట్టు కాయ మోస్తే ఎదగదు. మేము సాళ్ల మధ్య వేరుశనగ, పెసర, మినుము వేసుకున్నాం, కూలీల ఖర్చు, ఎరువు ఖర్చు దాంతో గడిచాయి. మొక్కజొన్న లాంటి ఎత్తు పైరు మాత్రం వేయకండి, మొక్కలకి ఎండ తగలదు.

అంట్లు కొనేటప్పుడు చాలా జాగ్రత్త. మా 240లో 17 చెట్లు ఆరో ఏడు కాపుకొచ్చాక చూస్తే నాటు పీచు కాయ! నర్సరీ అతన్ని అడిగితే, అంటు కింద చిగుళ్లు మీరే గిల్లలేదు అన్నాడు. కొన్నింటి విషయంలో అది నిజమే కావచ్చు. అంటు కట్టిన చోటుకి కింద నుంచి వచ్చే చిగురు టెంక మొక్కది, వదిలేస్తే అంటుని చంపి అదే చెట్టవుతుంది. కానీ ఆ 17లో 11 చెట్లు ఒకే సాలులో వరసగా ఉన్నాయి, అంటే అవి నర్సరీ నుంచే అలా వచ్చినట్టుంది. వాటి కొమ్మలు నరికించి, కొత్త చిగుళ్ల మీద బంగినపల్లి కట్టించి, మళ్లీ కాయ చూసేసరికి ఇంకో మూడేళ్లు. మామిడిలో తప్పు జరిగిందని తెలిసేసరికే ఆరేళ్లు పోతాయి. ఉద్యానశాఖ గుర్తింపు ఉన్న నర్సరీకి వెళ్లండి, తల్లి చెట్టు చూపించమనండి, బిల్లు తీసుకోండి.

ఇక అసలు సంగతి. 2018 జనవరిలో పదిహేను రోజుల తర్వాత తోటకెళ్లాను. రోడ్డు మీద నుంచి చూస్తే ఆకు కనపడనంత పూత. చెట్టు కిందికి వెళ్లేసరికి ఆకుల మీద చిటపటమని చినుకులు పడుతున్న చప్పుడు. పైన మబ్బు లేదు. అవి తేనెమంచు పురుగులు. బియ్యపు గింజంత ఉంటాయి. మనిషి అలికిడికి వేలకొద్దీ ఒక్కసారి లేచి ఆకులకి కొట్టుకుంటుంటే ఆ చప్పుడు. ఆకు పట్టుకుంటే వేళ్లకి జిగురంటింది. పూత కాడలు అప్పటికే రసం పోయి వాడిపోతున్నాయి, కొన్నాళ్లకి ఆకులన్నీ మసి పట్టి నల్లబడ్డాయి. కాపలా ఆయనకి రోజూ ఫోన్ చేసేవాణ్ణి, "పూత బ్రహ్మాండంగా ఉంది బాబూ" అనేవాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, దూరం నుంచి నాకూ అలాగే కనిపించింది. నాన్న అయితే రోజూ పొద్దున్నే ఒక్కో సాలులో నడిచి, పూత కంకి చేత్తో వంచి చూసేవారు. మొగ్గ దశలోనే మందు కొట్టించేవారు. 2015లో ఆ తోటే 22 టన్నులు కాసింది. ఆ 2018లో నాకు దిగింది 3 టన్నులు.

బూడిద తెగులు కూడా అంతే. నీటిలో కరిగే గంధకం, లీటరుకి 3 గ్రాములు, పూత విచ్చకముందే పడాలి. పూత పూర్తిగా విచ్చాక పురుగుమందు కొడితే ఈగలు, తేనెటీగలు చచ్చి పిందె కట్టదు. నీళ్లు కూడా అక్టోబరు నుంచి ఆపి చెట్టుకి బెట్ట తగలనివ్వాలి, పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ ఇవ్వాలి. ఒక ఏడు చెట్లు వాడుతున్నాయని జాలిపడి మా మనిషి నవంబరులో డ్రిప్ వదిలాడు. పూత రావాల్సిన కొమ్మలన్నీ ఎర్రటి చిగురేశాయి.

చూసుకోలేకపోతే గుత్తకిచ్చేద్దాం అనుకుంటారు. నేనూ 2019లో మూడేళ్లకి ఇచ్చాను. డబ్బు ముందే చేతికొచ్చింది, టెన్షన్ లేదనుకున్నాను. గుత్తకి తీసుకున్నాయన ఏటా మొదళ్లలో కల్టార్ పోశాడు. ఏపుగా ఉన్న చెట్టుకి కొలత ప్రకారం వేస్తే అది పూత తెప్పించే మందే. ఆయన కొలతా చూడలేదు, చెట్టు సత్తువా చూడలేదు. మూడో ఏటికి చిగుళ్లు పొట్టిగా, కుచ్చులు కుచ్చులుగా గిడసబారిపోయాయి, కొమ్మలు ఎండాయి. మా నాన్న పెంచిన చెట్లని అలా చూస్తే కడుపు తరుక్కుపోయింది. పశువుల ఎరువు తోలించి, ఎండుకొమ్మ తీయించి, రెండేళ్లు కాయ మీద ఆశ పెట్టుకోకుండా సాకాను. గుత్తకిస్తే మాత్రం ఏ మందు ఎంత వేయాలో కాగితం మీద రాయించండి.

ధర సంగతి. ఒకే ఏడాది మా కాయ ఏప్రిల్ మొదట్లో టన్ను 60 వేలకి, మే మూడో వారంలో 18 వేలకి పోయింది. ఒక మండీలో కమీషన్ కాక టన్నుకి క్వింటా తరుగు తీశారు. రసాలు రుచికి పేరు గానీ దూరం ప్రయాణానికి ఆగవు. తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీల మీద ఆధారపడిన కాయ. 2025లో చిత్తూరు వైపు రైతులు ఆ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు వరస పెట్టుకుని పడిగాపులు కాశారు. ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలివ్వాలి, మేము 4 కలుపుతాం అని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. నాకు రేటు తెచ్చినవి కవర్లు. కాయ కోడిగుడ్డంత ఉన్నప్పుడు కాగితం కవరు తొడిగితే మచ్చ పడదు, పండు ఈగ కుట్టదు, రంగు బాగా వస్తుంది. పోయిన ఏడు 9 వేల కాయలకి తొడిగించాను. కొంత తొడిమ ఉంచి చిక్కంతో (కర్రకి కట్టిన వల సంచి) కోసి, సొన కాయ మీద కారకుండా తలకిందులుగా ఆరబెట్టి, విజయవాడలో తెలిసినవాళ్లకి పెట్టెల్లో నేరుగా ఇచ్చాను.

ఇప్పుడు కొత్తవాళ్లు 5 మీటర్ల ఎడంలో ఎకరాకు 160 పెడుతున్నారు. రాబడి త్వరగా మొదలవుతుంది, కాకపోతే కాయ దిగగానే ఏటా కొమ్మ కత్తిరింపు తప్పదు. మానేస్తే కొమ్మలు కలిసిపోయి లోపల చీకటైపోతుంది.

ఊళ్లో మీ అన్నయ్యో బాబాయో వాటా తీసుకుని చూస్తానంటే ఐదెకరాలూ పెట్టండి, నేను వద్దనను. జీతం మనిషికి వదిలేసి నెలకోసారి వచ్చిపోయేట్టయితే ఒక్క ఎకరంతో మొదలుపెట్టండి. కొనేముందు ఈ డిసెంబరు నుంచి మే దాకా వారానికోసారి ఎవరిదైనా తోటకి వెళ్లి చూడండి, మా తోటకైనా రండి. మీరు చూసిన పొలం ఎర్ర నేలా నల్లరేగడా, వానాకాలం నీళ్లు నిలుస్తాయా, మే నెలలో బోరు ఎంత పోస్తుందో కనుక్కుని ఇక్కడ రాయండి. నీళ్లు నిలిచే రేగడి అయితే అసలు వేయొద్దు. ఎర్ర నేలయితే ఏ రకం, ఎంత ఎడం అనేది చెప్తాను.