కరెంటు చేప గురించి రాసేటప్పుడు

అనంతపురం

చిరంజీవి తల్లికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. అమెజాన్ నీళ్లలో కరెంటు పుట్టించే ఈల్ చేప గురించి కర్నూలు నుంచి ఒక అమ్మాయి తెలుగులో రాసిందంటే నాకు చాలా సంతోషంగా ఉంది. కానీ ‘అద్భుతం’ అనే మాట ప్రతి పేరాలో ఉంది, ఆ అద్భుతం ఎలా జరుగుతుందో ఎక్కడా లేదు. 860 వోల్టులు అని రాసి ముందుకు పోయావు.

మన పాఠకుల్లో రాత్రిపూట త్రీఫేజ్ కరెంటు కోసం కాచుకుని, తడి చేలో నడిచి పోయి బోరు మోటారు వేసే రైతు ఉన్నాడు. ఇంట్లోని 230 వోల్టులకే మనిషి పోతాడని అతనికి తెలుసు. 860 అని చదవగానే, ఆ చేపను తాకినవాడు బతుకుతాడా అని అడుగుతాడు. జవాబు నువ్వే చెప్పాలి. ఒక్కో పల్స్, అంటే చేప ఒక్కసారి వదిలే కరెంటు దెబ్బ, సెకనులో వెయ్యో వంతులు రెండు మాత్రమే ఉంటుంది. అందుకే మనిషి ఆ దెబ్బకే చనిపోవడం అరుదు. ఒళ్లు బిగుసుకుపోయి నీళ్లలో మునగడమే అసలు ప్రమాదం. ఇంకో సంగతి, ఆ 860 అన్ని ఈల్ చేపలదీ కాదు. 2019లో శాస్త్రవేత్తలు వీటిని మూడు జాతులుగా విడదీశారు. వాటిలో ‘వోల్టై’ అనే జాతి చేపలో ఆ అంకె నమోదైంది.

ఇక ఎలా అన్నది. ఇక్కడ తొందరపడకు, ఎంత చోటు పట్టినా పరవాలేదు. ఈ చేప ఒంట్లో ఐదింట నాలుగు వంతులు కరెంటు అవయవాలే. గుండె, కాలేయం, పేగులు అన్నీ తల వెనకాల కొంచెం చోటులో సర్దుకుని ఉంటాయి. ఆ అవయవాల నిండా ఎలక్ట్రోసైట్లు అనే పలచని కణాలు వరసగా పేర్చి ఉంటాయి. మెదడు నుంచి ఆజ్ఞ రాగానే, కణానికి నరం అంటుకున్న వైపు మాత్రమే దారులు తెరుచుకుని సోడియం అయాన్లు, అంటే విద్యుదావేశమున్న సోడియం పరమాణువులు, లోపలికి దూసుకొస్తాయి. అవతలి వైపు దారులు తెరుచుకోవు. ఆ తేడా వల్ల ఒక్క కణంలో పుట్టేది సుమారు 0.15 వోల్టు. టార్చిలో సెల్లు ఒకదాని వెనక ఒకటి వేసినట్టు, వేల కణాలవి కలిసి వందల వోల్టులవుతాయి. అయితే అన్నీ ఒకే క్షణంలో పనిచేయాలి కదా! దగ్గరి కణాలకు పోయే సందేశం కాస్త ఆగి, దూరపు వాటితో పాటే చేరేలా నరాల ఏర్పాటు ఉంది. నన్ను అడిగితే వోల్టుల కన్నా ఇదే గొప్ప.

వేట గురించి నువ్వు రాసిన ‘షాక్ ఇచ్చి చంపుతుంది’ అన్న వాక్యం చాలదు. శాస్త్రవేత్త కెన్నెత్ కటానియా 2014లో ప్రచురించిన ప్రయోగాలు చదువు. దాక్కున్న చేప ఉందేమో అనిపిస్తే ఈల్ రెండు మూడు పల్సులు వదులుతుంది. ఆ చేప కండరాలు దాని ప్రమేయం లేకుండానే అదురుతాయి. ఆ కదలికతో దాని చోటు తెలిసిపోతుంది. వెంటనే సెకనుకు 400 దాకా పల్సులు. ఆ చేప నరాలే దాని ఒంటిని కట్టిపడేస్తాయి.

ఈల్ చేపలను పట్టడానికి గుర్రాలను నీళ్లలోకి తోలగా 1800లో జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్ చూసిన కథ క్లుప్తంగా చాలు. బ్యాటరీ కనిపెట్టిన వోల్టా పేరా మాత్రం తీసేయకు. అదే ఏడాది ఆయన తన బ్యాటరీని ఈ చేపల అవయవంతోనే పోల్చాడు. ఈల్ గాలి పీల్చడానికి పైకి వస్తుందని కూడా రాయి. తుంగభద్రలో కొర్రమీనును చూసినవాళ్లకు అది వెంటనే అర్థమవుతుంది.

నువ్వు పూర్తిగా వదిలేసిన సంగతి ఒకటుంది. ఈల్‌కు శాక్స్ అవయవం అని వేరే ఒకటి ఉంది. దాని పల్సు సుమారు 10 వోల్టులే, అది ఎవరినీ కొట్టదు. కంటికేమీ కనిపించని బురదనీళ్లలో చుట్టూ ఏముందో ఆ పల్సులతోనే తెలుసుకుంటుంది. వ్యాసం అక్కడి నుంచి మొదలుపెట్టి తిరగరాయి. పెద్ద షాక్ మూడో పేరాలో వచ్చినా నష్టం లేదు. రాశాక పంపు, చదువుతాను.

నీ మేలు కోరే
పెద్దాయన