ముందు తగ్గాల్సింది గెలిచినవాళ్ళే

ఇంట్లో తలో పార్టీ అయినప్పుడు, ఎన్నికల ఫలితాలొచ్చాక ఓడినవాళ్ళకి ఎలా నచ్చజెప్పాలని అడిగారు. అసలు నచ్చజెప్పకండి. ఆ రోజు బాధ్యతంతా గెలిచినవాళ్ళదే.

మాది ఒడిశాలో బరంపురం. నాన్న నవీన్ బాబు మనిషి, అంటే నవీన్ పట్నాయక్ బీజేడీ; బాబాయిది కమలం. అత్తయ్యని ఆంధ్రాలోని ఇచ్ఛాపురం ఇచ్చారు. 2024లో మాకూ వాళ్ళకీ మే 13నే ఓటు, జూన్ 4నే లెక్కింపు. రెండు రాష్ట్రాల టెన్షనూ మా ఇంట్లోనే.

ఆ రోజు ఒడిశాలో 147 సీట్లలో కమలానికి 78, బీజేడీ శంఖానికి 51. 24 ఏళ్ళు ముఖ్యమంత్రిగా చేసిన నవీన్ బాబు రెండుచోట్ల నిలబడి, హింజిలిలో గెలిచినా కాంటాబంజిలో ఓడిపోయారు. నాన్న టీవీ కట్టేసి, అన్నం వద్దని పడుకున్నారు. సాయంత్రం బాబాయి ఊరేగింపు నుంచి ఒళ్ళంతా రంగుతో వచ్చాడు. గుమ్మం ఎక్కలేదు. పెరట్లో కుళాయి కింద తల పెట్టి, రంగు పోయేదాకా రుద్దుకుని, నా చొక్కా అడిగి వేసుకున్నాడు. లోపలికొచ్చి, "అన్నయ్యా, బీపీ మాత్ర వేసుకున్నావా? లే, పఖాళ తిందాం" అన్నాడు. పఖాళంటే ఒడిశా చద్దన్నం. ఎన్నికల ఊసే ఎత్తలేదు. తింటూ తింటూ నాన్నే అన్నారు, "మీవాళ్ళు బాగా తిరిగార్రా" అని. ఎవరైనా బతిమాలితే ఆయన నోట ఆ మాట వచ్చేదా?

ఇచ్ఛాపురంలో దీనికి పూర్తిగా ఎదురు. మామయ్యది ఫ్యాను, బావది సైకిలు. ఆంధ్రాలో 175లో సైకిలు ఉన్న కూటమికి 164 రాగానే, కన్నతండ్రి ఉన్న ఫ్యామిలీ గ్రూపులోనే బావ ఫ్యానుకి మిగిలిన పదకొండు సీట్ల మీద మీమ్‌లు పెట్టాడు. మామయ్య గ్రూపులోంచి వెళ్ళిపోయారు. ఒకే ఇంట్లో తింటూ దసరా దాకా ఇద్దరికీ మాటల్లేవు. ఈ వాట్సాప్ గ్రూపుల్లో పెళ్ళి ఫొటోలు తప్ప ఇంకేమీ పెట్టకూడదు.

పెద్దవాళ్ళ సంగతీ చూడండి. నవీన్ బాబు జూన్ 12న, తన తర్వాత ముఖ్యమంత్రి అయిన బీజేపీ మోహన్ మాఝీ ప్రమాణస్వీకారానికి వెళ్ళారు. తర్వాత అసెంబ్లీలో, కాంటాబంజిలో తనని ఓడించిన బీజేపీ లక్ష్మణ్ బాగ్‌ని అభినందించారు కూడా. అందరూ నవీన్ పెద్దమనసునే మెచ్చుకున్నారు. నాకు మాత్రం బాగే నచ్చాడు. లేచి ముందు నమస్కారం పెట్టింది ఆయనే.