కనికట్టని తెలిసీ ఎందుకు మురిసిపోతాం?

ప్రశ్న: మ్యాజిక్ షోలో జరిగేదంతా కనికట్టేనని అందరికీ తెలుసు. అయినా టికెట్టు కొని మరీ వెళ్లి చప్పట్లు కొట్టి వస్తాం. ఎందుకిలా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: కనికట్టని తెలియడం వల్లే ఆ ఆనందం. నాణెం గాల్లో కలిసిపోదని మనకు గట్టి నమ్మకం. కళ్లెదుట మాత్రం కలిసిపోయింది. ఆ రెంటికీ పొత్తు కుదరని క్షణం కోసమే జనం వస్తారు. మంత్రశక్తి నిజంగా ఉందని నమ్మేవాళ్లకు భయమో భక్తో కలుగుతుంది గానీ ఈ ఆనందం దక్కదు.

అందుకే మంచి మెజీషియన్ ఎక్కువ సమయం అంతా మామూలుగానే ఉందని ఒప్పించడానికి వెచ్చిస్తాడు. పెట్టె చుట్టూ నడుస్తాడు, తాడును ప్రేక్షకుల చేతే లాగిస్తాడు, చొక్కా చేతులు మడుస్తాడు. ‘ఇలా చేసి ఉంటాడు’ అనుకోగల దారులన్నీ మూసేశాకే వింత జరగాలి. ఒక్కటి తెరిచి ఉన్నా జనం దాన్నే పట్టుకుంటారు.

ఎవరికీ హాని జరగలేదన్న ధీమా కూడా ఉండాలి. 1956 ఏప్రిల్‌లో ప్రఖ్యాత భారతీయ మెజీషియన్ పి.సి. సర్కార్ బీబీసీ ‘పనోరమా’ కార్యక్రమంలో ఒక అమ్మాయిని రంపంతో రెండుగా కోసి చూపించారు. ఆమె లేచి నిలబడక ముందే వ్యాఖ్యాత వచ్చి కార్యక్రమం ముగించేశారు. చనిపోయిందేమోనన్న కంగారుతో బీబీసీకి ఫోన్లు వెల్లువెత్తాయి. సర్కార్‌కు గొప్ప పేరొచ్చింది గానీ, ఆ రాత్రి ఇళ్లలో చూసినవాళ్లకు మిగిలింది హడలు. కోయడం సగం ఐటమే. మనిషి నవ్వుతూ లేచి వస్తేనే అది పూర్తయినట్టు.

ప్రశ్న: మా అబ్బాయి నాణెం మాయం చేయడం నేర్చుకున్నాడు. చేతివాటం బాగానే ఉంది. అయినా ఇంట్లో అందరూ ఇట్టే పట్టేస్తున్నారు. లోపం ఎక్కడ?
– ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: బహుశా చూపులో. పద్ధతి మొదటి నుంచీ చెబుతాం, సరిచూసుకోండి. ఎడమ అరచేయి పైకి ఉంచి, బొటనవేలు, మధ్యవేలి కొసల మధ్య నాణేన్ని అంచులతో పట్టుకోవాలి. పది రూపాయల నాణెం 27 మి.మీ. ఉంటుంది. చిన్న చేతులకు అది పెద్దదనిపిస్తే రెండు రూపాయలది వాడండి. కుడి బొటనవేలు నాణెం కిందికి, మిగతా వేళ్లు దాని ముందుకు రావాలి. ఆ వేళ్లు నాణేన్ని కప్పగానే ఎడమ బొటనవేలు వదిలితే అది ఎడమ వేళ్ల మొదట్లో పడుతుంది. కుడిచేయి మాత్రం నాణెం తీసుకున్నట్టే మూసుకుని పక్కకు జరుగుతుంది.

ఇక్కడే చాలామంది దొరికిపోతారు. కళ్లు ఎడమచేతి మీదే ఉండిపోతాయి. లేదా ఎడమ పిడికిలి బిగుసుకుంటుంది. అది వేళ్లు కొద్దిగా ముడిచి, వదులుగా పక్కకు వాలాలి. కుడి పిడికిలిలో నాణేనికి సరిపడా చోటు కనిపించాలి. పిడికిలి వెంటనే తెరవకూడదు. రెండు, మూడు సెకన్లు దాన్నే చూస్తూ ఏదో ఒక మాట చెప్పి, వేళ్లు ఒక్కొక్కటే విప్పాలి. ఆ వ్యవధిలో నాణెం కుడిచేతిలోనే ఉందన్న నమ్మకం చూసేవాళ్లలో స్థిరపడుతుంది.

చూపుకు అంత బలం ఉందా అంటే, ఉంది. 2006లో గుస్తావ్ కూన్, మైకేల్ ల్యాండ్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో మెజీషియన్ బంతిని రెండుసార్లు పైకి విసిరి, మూడోసారి విసిరినట్టు నటించాడు. తన చూపును పైకి పోనిచ్చినప్పుడు సుమారు మూడింట రెండు వంతుల మందికి లేని బంతి పైకెళ్లినట్టే తోచింది. చేతినే చూస్తూ ఉన్నప్పుడు మూడో వంతు మందికే అలా అనిపించింది.

సాధనకు ఒక్క సూత్రం: ముందు నాణేన్ని నిజంగానే తీసుకుంటూ అద్దంలో పదిసార్లు గమనించమనండి. ఉత్తుత్తి కదలిక అచ్చం దానిలాగే ఉండాలి. ఎడమ పక్క నుంచి నాణెం కనబడిపోతుంది గనుక అటు ఎవరినీ కూర్చోబెట్టకండి.

ప్రశ్న: ఒకే ఐటమ్ అదే జనం ముందు మళ్లీ చేయకూడదంటారు. మరి ఖాళీ చేసిన చెంబులోంచి మళ్లీ మళ్లీ నీళ్లొచ్చే ‘వాటర్ ఆఫ్ ఇండియా’ ఐటమ్‌లో ఆ చెంబును షో అంతటా ఒంపుతూనే ఉంటారుగా?
– ఒక విద్యార్థి, నిజామాబాద్

జవాబు: నిజమే. మామూలు ఐటమ్ రెండోసారి చేస్తే జనం ఫలితాన్ని వదిలి చేతుల్ని వెతుకుతారు. చెంబు సంగతి వేరు. నీళ్లు మళ్లీ వస్తాయని జనానికి తెలుసు. ఎప్పుడొస్తాయన్నదే తెలియదు. ఆ ఎదురుచూపులోనే నవ్వుంది.

ఈ చెంబు పని చాలా సైన్సు ప్రదర్శనల్లో విప్పి చెప్పేదే. చెంబుకు రెండు గోడలుంటాయి. లోపలి పాత్ర అడుగున రంధ్రం, బయటి గోడకు మెడ దగ్గర సన్నని గాలి రంధ్రం ఉంటాయి. గాలి రంధ్రాన్ని బొటనవేలితో మూసి ఒంపితే లోపలి నీళ్లే పోతాయి. చెంబును కింద పెట్టి వేలు తీస్తే గాలి చొరబడి, గోడల మధ్య నీళ్లు లోపలికి చేరతాయి. బోర్లించి చూపించేటప్పుడు వేలు జారితే మెడ దగ్గర చుక్కలు కారి గుట్టు బయటపడుతుంది. ఒంపిన వెంటనే మళ్లీ ఎత్తితే లోపల నీళ్లు చేరి ఉండవు. అందుకే మధ్యలో మరో ఐటమ్ చేస్తారు. జనం చెంబును మరిచిపోయేదీ ఆ సమయంలోనే.