పదకొండు పుస్తకాలు చదివాను, బస్సు మాత్రం ఎక్కలేదు

"చిన్నప్పుడు ఇంట్లో తిన్న దెబ్బలు ఇప్పటికీ వెంటాడుతున్నాయి, కౌన్సెలింగ్‌కి డబ్బుల్లేవు, సెల్ఫ్ హెల్ప్ పుస్తకాలు చదివి ట్రామా నుంచి బయటపడొచ్చా?" అని అడిగారు. నా అనుభవంలో సగం దూరం వస్తాయండి. ఆ సగం ఎక్కడ ఆగిపోతుందో తెలియక పది నెలలు పోగొట్టుకున్నాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నా.

2022 సంక్రాంతికి ఖమ్మం వెళ్ళి, రాత్రి బస్సులో హైదరాబాద్ తిరిగొస్తున్నాను. ముందు సీటు నాది. ఎదురొచ్చే లైట్లకి నిద్ర పట్టదని, వెనక కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన్ని అడిగి సీటు మార్చుకున్నా. "దానికేముంది బాబూ" అని లేస్తూ, ఒలుస్తున్న బత్తాయిలో సగం నా చేతిలో పెట్టి వెళ్ళారు. నకిరేకల్ దాటాక, లైట్లు లేకుండా రోడ్డు మీద ఆపి ఉంచిన లారీని మా బస్సు గుద్దింది. నాకు కాలర్ బోన్ విరిగింది. ఆయన అక్కడికక్కడే పోయారు, నా సీట్లో.

అమ్మ దిష్టి తీసింది, బాబాయ్ "బతికి బట్టకట్టావు, అదే పదివేలు" అన్నాడు. ఎముక అతుక్కుంది. హారన్ వింటే చెమటలు పట్టడం, జ్యూస్ బండి పక్క నుంచి పోతే బత్తాయి వాసనకి కడుపులో దేవడం, అర్ధరాత్రి ఉలిక్కిపడి లేవడం మాత్రం తగ్గలేదు. విచిత్రం ఏమిటంటే, ఆయన కోసం నాకు ఒక్క కన్నీటి చుక్క రాలేదు. నేనింత రాతిగుండెవాణ్ణా అనుకున్నా.

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పెడతారు కదా, నా సొంత వైద్యం అక్కడ మొదలైంది. మొదట దొరికినవన్నీ "ఏది బలంగా అనుకుంటే అదే జరుగుతుంది" రకం. ప్రమోషన్ కోసం చదువుకునేవాడికి వాటితో నష్టం లేదేమో గానీ, నాలాంటివాడికి విషమే. అనుకున్నదే జరిగేట్టయితే, ఆ సీటు వద్దనుకున్నది నేనే కదా, మరి ఆయన చావు? ఆ ఒక్క ప్రశ్నతో రెండు వారాలు తిండి సహించలేదు. ఐదేళ్ళ పిల్లాడు తిన్న దెబ్బలకి వాడి ఆలోచనలే కారణమనే పుస్తకం మీ దగ్గర ఉంటే పాత పేపర్లవాడికి వేసేయండి. మొదటి పేజీ నుంచే "క్షమించేయండి" అని మీద పడే పుస్తకాలు కూడా. క్షమించాలా వద్దా అన్నది మీ ఇష్టం, దానికి గడువేమీ లేదు.

తర్వాత ఒక ఫ్రెండ్ 'ద బాడీ కీప్స్ ద స్కోర్' ఇచ్చాడు, బెస్సెల్ వాన్ డెర్ కోల్క్ అనే సైకియాట్రిస్టు 2014లో రాసింది. దానివల్ల మేలూ జరిగింది, కీడూ జరిగింది. 1999లో కెనడాలో 87 వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్న ప్రమాదంలో చిక్కుకున్న భార్యాభర్తల సంగతి అందులో ఉంది. ఆ ప్రమాదాన్ని గుర్తుచేస్తూ మెదడు స్కాన్ తీస్తే, భర్త మెదడు మళ్ళీ అక్కడే ఉన్నట్టు అల్లాడిపోయింది, భార్య మెదడు దాదాపు ఆరిపోయినట్టు కనిపించింది. ఒకే కారు, ఒకే ప్రమాదం. నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయా. నాది రాతిగుండె కాదు, మొద్దుబారిపోయానంతే! ఆ మాట అప్పటిదాకా ఎవరూ నాతో అనలేదు. మనకి జరుగుతున్నదానికి ఒక పేరుందని, అది మనొక్కరికే కాదని చెప్పడంలో మాత్రం పుస్తకాన్ని మించింది లేదు.

కీడేంటంటే, అందులో యుద్ధాలు, అత్యాచారాలు, పిల్లల మీద హింస చాలా వివరంగా ఉంటాయి. నేను తెలివితక్కువగా రాత్రి పదకొండింటికి మంచం మీద పడుకుని చదివేవాణ్ణి, మూడింటికి చెమటల్లో లేచేవాణ్ణి. తర్వాత పద్ధతి మార్చుకున్నా. పగటిపూటే, ఇంట్లో ఇంకో మనిషి ఉన్నప్పుడే, ఇరవై నిమిషాలకి మించకుండా చదవడం. వేరేవాళ్ళ కథలు మొదలైతే మొహమాటం లేకుండా పేజీలు తిప్పేయడం. గుండె దడ మొదలైందంటే పుస్తకం మూసి, అరికాళ్ళు చల్లటి గచ్చుకి ఆనించి, కళ్ళెదుట ఉన్న ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పుకోవడం. వినడానికి పిల్లలాటలా ఉంటుంది, నాకైతే పనిచేసింది.

రాయడం గురించి కూడా చాలా పుస్తకాలు చెప్తాయి. దాని మూలం జేమ్స్ పెన్నబేకర్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1986లో చేసిన ప్రయోగం, వరసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు, మనసుని కలచివేసిన సంఘటన గురించి రాయించాడు. రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కడం మామూలేనట. నేను రెండో రోజే ఆపేశా, సీటు మార్చుకున్న చోటికొచ్చేసరికి పెన్ను కదల్లేదు.

ఇక అసలు సంగతి. అక్టోబర్ నాటికి పదకొండు పుస్తకాలు పూర్తిచేశాను. మెదడులో భయాన్ని పసిగట్టే భాగం, అమిగ్డలా, అంటే ఏంటో ఎవరు అడిగినా గంట చెప్పగలను. ఆఫీసుకి మాత్రం ఎండైనా వానైనా స్కూటర్ మీదే, ఖమ్మం వెళ్ళడం మానేశా, అమ్మే రైల్లో వచ్చి చూసి వెళ్ళేది. ఆ నెల్లోనే కేంద్ర ప్రభుత్వం మానసిక సమస్యల మీద ఫోన్‌లో సాయం చేయడానికి టెలీ మానస్ అని 14416 నంబరు మొదలుపెట్టింది. ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడారు, ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్ళమన్నారు. అక్కడి సైకాలజిస్టు మేడమ్ నా కథంతా విని, "ఎన్ని పుస్తకాలు చదివారు?" అంది. గర్వంగా పదకొండు అన్నా. "ఈ పది నెలల్లో బస్సు ఎన్నిసార్లు ఎక్కారు?" నేను ఏమీ మాట్లాడలేదు. చదవడం కూడా తప్పించుకోవడమేనని అప్పుడు అర్థమైంది. భయం దగ్గరికి వెళ్ళకుండా భయం గురించి చదువుతూ కూర్చున్నా.

ఆ తర్వాత పుస్తకాలు పక్కనపెట్టి మేడమ్ ఇచ్చిన హోంవర్క్ మొదలైంది. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో పది నిమిషాలు నిలబడటం, టెన్షన్‌కి సున్నా నుంచి వందలో మార్కులు వేసుకోవడం, అది కొంచెం దిగేదాకా అక్కడి నుంచి కదలకపోవడం. మొదటిరోజు 85. రెండో వారం చైతన్యపురి దాకా ఒక్క స్టాపు ఎక్కా, కడ్డీ పట్టుకున్న చెయ్యి తడిసిపోయి జారుతోంది, కండక్టర్ "ఏం సార్, పాణం బాగలేదా" అన్నాడు. సీటు సంగతి కూడా మేడమ్ కాగితం మీద పెట్టించింది: లారీ ఆపింది ఎవరు, లైట్లు వేయనిది ఎవరు, నాకు ముందే తెలిసింది ఏమిటి. మూడోదాని ఎదురుగా ఏమీ రాయలేకపోయా. ఏడుపు ఆరోజు వచ్చింది.

మీ డబ్బుల ఇబ్బందికి పనికొచ్చే మాట ఒకటుంది. అదే ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 196 మందితో చేసిన పరిశోధన వచ్చింది. నాలాగా ఒక్క సంఘటన వల్ల, మరీ తీవ్రం కాని పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన సంఘటన తర్వాత దాని భయం వదలకుండా వెంటాడే జబ్బు, వచ్చినవాళ్ళు వాళ్ళంతా. ఇంట్లో కంప్యూటర్ మీద పాఠాలు, అభ్యాసాలు చేసుకుంటూ థెరపిస్టుతో మొత్తం మూడు గంటలు మాట్లాడినవాళ్ళు, పన్నెండు సెషన్ల దాకా ఎదురుగా కూర్చున్నవాళ్ళకి దీటుగానే కోలుకున్నారు, నాలుగు నెలల దగ్గర చూస్తే. అంటే సొంతంగా చేసుకోవడం వృథా కాదు, కానీ అందులో చదవడంతో పాటు చేయడం ఉంది, అడిగే మనిషి ఒకరున్నారు.

మీది నాలా ఒక్క రాత్రి జరిగింది కాదు, ఏళ్ళ తరబడి జరిగింది. కాబట్టి నా బస్టాపు పద్ధతి మీ జ్ఞాపకాల మీద ఒంటరిగా ప్రయోగించొద్దు. జుడిత్ హెర్మన్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు 1992లో రాసిన 'ట్రామా అండ్ రికవరీ'లో కోలుకోవడాన్ని మూడు దశలుగా చెప్తుంది: ముందు భద్రత, తర్వాత గుర్తుచేసుకుని దుఃఖించడం, ఆ తర్వాతే మళ్ళీ మనుషుల్లో కలవడం. మీరు ఇంకా ఆ ఇంట్లోనే, ఆ మనిషి ఎదురుగానే ఉంటున్నారా? అది మీరు రాయలేదు. అదే నిజమైతే పాతవి తవ్వే పుస్తకాలు ఇప్పుడు వద్దు, నిద్ర, చేతిలో నాలుగు డబ్బులు, అవసరమైతే వెళ్ళి తలదాచుకోవడానికి ఒక అక్క ఇల్లో ఫ్రెండ్ రూమో, ముందు అవి చూసుకోండి. చచ్చిపోవాలని అనిపిస్తుంటే మాత్రం ఏ పుస్తకమూ తెరవకుండా 14416కి చేయండి, రాత్రయినా పగలైనా ఎత్తుతారు, డబ్బులేమీ అడగరు. ఇంట్లోవాళ్ళు వింటారని భయమైతే బయటికెళ్ళి మాట్లాడండి. నేనైతే మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, స్కూటర్ మీద కూర్చుని, హెల్మెట్ తీయకుండానే చేశాను.