పిత్తాశయం తీసేస్తే తిన్నది అరుగుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 48. ఖమ్మంలో మాకు చిన్న టిఫిన్ సెంటర్ ఉంది. ఈమధ్య రెండుసార్లు రాత్రి భోజనం అయ్యాక కడుపు పైభాగంలో కుడివైపు విపరీతమైన నొప్పి వచ్చి వీపులోకి పాకింది. మొదటిసారి గ్యాస్ అనుకుని ఊరుకున్నాం. రెండోసారి వాంతులు కూడా అయ్యాయి. స్కానింగ్ తీస్తే పిత్తాశయంలో రాళ్లున్నాయన్నారు, లాపరోస్కోపీ చేసి పిత్తాశయం మొత్తం తీసేయాలన్నారు. షుగర్‌కి మాత్రలు వాడుతున్నాను. మా ఆడపడుచుకీ ఇవే రాళ్లున్నాయి, ఆమెకి మాత్రం ఆపరేషన్ వద్దన్నారు. మందులతో కరగవా? తీసేశాక అన్నం అరుగుతుందా? ఎన్నాళ్లు రెస్ట్ కావాలి? రెండున్నర నెలల్లో మా అమ్మాయి పెళ్లి. పెళ్లయ్యాక చేయించుకోవచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు మీ ఆడపడుచు సంగతి చెబుతాను. అది తేలితే సగం సందేహాలు తీరతాయి. పిత్తాశయంలో రాళ్లున్న వాళ్లలో చాలామందికి జీవితాంతం ఏ ఇబ్బందీ రాదు. ఇంకెందుకో స్కానింగ్ తీయిస్తే రాళ్లు కనిపిస్తాయి, అంతే. అలాంటివాళ్లకి సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు. ఆవిడకి వద్దన్న డాక్టరూ, మీకు కావాలన్న డాక్టరూ ఇద్దరూ సరిగ్గానే చెప్పారు. మీకు ఇప్పటికే రెండుసార్లు నొప్పి వచ్చింది. ఒకసారి నొప్పి తెచ్చిన రాళ్లు మళ్లీ తెస్తాయి. ఎప్పుడు తెస్తాయో ఎవరూ చెప్పలేరు.

చేపను శుభ్రం చేసేటప్పుడు, పగిలితే కూరంతా చేదెక్కుతుందని ఆకుపచ్చటి చిన్న తిత్తిని జాగ్రత్తగా తీసి పడేస్తారు కదా. మనకీ కాలేయం కింద అలాంటి తిత్తే ఉంటుంది, అదే పిత్తాశయం. పసరు, అంటే పిత్తరసం, తయారయ్యేది అందులో కాదు, కాలేయంలో. కాలేయం రోజుకి అర లీటరు నుంచి లీటరు దాకా పసరు తయారుచేస్తే, పిత్తాశయం అందులో 30 నుంచి 50 మిల్లీలీటర్లు దాచిపెట్టి, చిక్కబరిచి, మనం నూనె, నెయ్యి తిన్నప్పుడు పేగులోకి వదులుతుంది. దాన్ని తీసేస్తే పసరు ఆగిపోదు. దాచిపెట్టే చోటు లేదు కాబట్టి కొంచెం కొంచెంగా నేరుగా పేగులోకి దిగుతుంటుంది. అన్నం అరుగుతుంది. కొద్ది వారాల్లో శరీరం దానికి అలవాటు పడుతుంది.

మందుల గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. కరిగించే మాత్రలు ఉన్నాయి. అవి చిన్న చిన్న కొలెస్ట్రాల్ రాళ్లకే, అదీ పిత్తాశయం బాగా పనిచేస్తున్నప్పుడే కొంత పనికొస్తాయి. నెలల తరబడి, ఒక్కోసారి రెండేళ్ల దాకా వాడాలి. కరిగినా దాదాపు సగం మందిలో ఐదేళ్లలోపే మళ్లీ రాళ్లు పుడతాయి. మళ్లీ మళ్లీ నొప్పి వస్తున్నవాళ్లని వీటి మీద ఆధారపడమని నేను చెప్పను. ఇక అరటిదవ్వ రసం, బార్లీ నీళ్లు, కొండపిండి కూర... మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇవి నెలల పాటు వాడి వస్తారు. జనం వీటిని వాడేది కిడ్నీ రాళ్లకి. తాగిన నీళ్లు మూత్రంలోకి వెళతాయి గానీ పిత్తాశయంలోకి వెళ్లవు.

రాళ్లు మాత్రం తీసి పిత్తాశయాన్ని ఉంచేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. ఉంచితే అది మళ్లీ రాళ్లు తయారుచేస్తుంది. ఈ సంగతి గ్రహించే 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ అనే సర్జన్ మొదటిసారి పిత్తాశయాన్నే తీసేశారు. మన దేశంలో లాపరోస్కోపీతో ఈ ఆపరేషన్‌ని 1990లో ముంబై జేజే హాస్పిటల్‌లో డాక్టర్ టెహెంటన్ ఉద్వాడియా మొదలుపెట్టారు. ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోనూ రోజూ జరుగుతోంది.

ఆపరేషన్‌కి ముందు రక్తపరీక్షల్లో కాలేయం పనితీరు చూస్తారు. పసరు నాళంలోకి రాయి జారిందన్న అనుమానం ఉంటే ఎమ్మారై లాంటి స్కాన్ తీసి, అవసరమైతే నోటి ద్వారా ఎండోస్కోపీ చేసి ముందు ఆ రాయిని తీస్తారు. షుగర్ అదుపులో ఉండాలి. మీరు వాడే ప్రతి మాత్రా సర్జన్‌కి, మత్తు డాక్టర్‌కి చూపించండి. షుగర్ మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి ఉంటే కనీసం మూడు రోజుల ముందు ఆపమంటారు. రక్తం పలచబడే మాత్రలకీ వేరే లెక్క ఉంటుంది. మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే హాస్పిటల్‌లో ఆరోగ్యమిత్రను ముందే కలవండి.

ఆపరేషన్ పూర్తి మత్తులో చేస్తారు కాబట్టి మీకేమీ తెలియదు. బొడ్డు దగ్గర ఒకటి, రొమ్ము ఎముక కింద ఒకటి, కుడివైపు రెండు, మొత్తం నాలుగు చిన్న రంధ్రాలు. పెద్దది ఒక సెంటీమీటరు, చిన్నది అర సెంటీమీటరు. పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపి, కెమెరాతో చూస్తూ, పిత్తాశయానికి వెళ్లే చిన్న నాళానికీ రక్తనాళానికీ క్లిప్పులు వేసి కత్తిరించి, బొడ్డు దగ్గర్నుంచో పైరంధ్రం నుంచో దాన్ని బయటికి తీస్తారు. గంట అటూ ఇటూ పడుతుంది. వాపు ఎక్కువగా ఉండి లోపల స్పష్టంగా కనిపించకపోతే సర్జన్ పెద్ద కోత పెట్టాల్సి రావొచ్చు. అది ఆపరేషన్ ఫెయిలవడం కాదు, మీ ప్రాణం గురించి తీసుకునే జాగ్రత్త. అసలు మేం భయపడేది ప్రధాన పసరు నాళానికి దెబ్బ తగలడం గురించి. అది అరుదు, వెయ్యి మందిలో ముగ్గురు నలుగురికి. అరుదైనా తెలిసే సంతకం పెట్టాలి. ఇవన్నీ మీ సర్జన్‌ని మొహమాటపడకుండా అడగండి.

చాలామందిని మర్నాడే ఇంటికి పంపిస్తారు. ఆ సాయంత్రమే లేపి నాలుగడుగులు నడిపిస్తారు. ఇక్కడొక విషయం ముందే తెలియాలి. రెండో రోజున కుడి భుజంలో నొప్పి రావొచ్చు. కొన్నేళ్ల కిందట ఒక పెద్దావిడని వాళ్లాయన అర్ధరాత్రి ఆటోలో వేసుకుని వచ్చారు, గుండెపోటేమోనని. ఇద్దరికీ చెమటలు పట్టేసి ఉన్నాయి. ఈసీజీ తీశాం, బాగానే ఉంది. పొట్టలో నింపిన గ్యాస్ కొంచెం మిగిలి, ఊపిరితిత్తుల కిందుండే పొరని రేపితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో పోతుంది. డిశ్చార్జ్ చేసేటప్పుడు ఆ ఒక్క ముక్క వాళ్లకి మేం సరిగ్గా చెప్పలేదు. అప్పటి నుంచీ ప్రతి పేషెంట్‌కీ భుజం పట్టుకుని మరీ చెబుతున్నాను. అయితే ఛాతీ మధ్యలో బరువు, ఆయాసం, చెమటలు కలిసి వస్తే మాత్రం గ్యాసే అనుకుని ఇంట్లో కూర్చోవద్దు.

ఇక పథ్యం. మన ఇళ్లలో కుట్లు పడ్డవాళ్లకి పప్పు పెట్టరు, చీము పడుతుందని. ఇది నిజం కాదమ్మా. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు తినండి. కారప్పొడి అన్నంతో నెల రోజులు గడిపి నీరసించిపోయి వచ్చినవాళ్లని చూశాను, మనసుకి కష్టంగా ఉంటుంది. మొదటి రెండు మూడు వారాలు నూనె, నెయ్యి, వేపుళ్లు తగ్గించి, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినండి. ఇడ్లీ, పప్పుచారు అన్నం, పెరుగన్నం, కూరలు అన్నీ పనికొస్తాయి. ఆ తర్వాత ఒక్కొక్కటే కలుపుకుంటూ వెళ్లండి. కొంతమందికి మొదట్లో తిన్న వెంటనే విరేచనం వస్తుంది, ఎక్కువమందికి అదే సర్దుకుంటుంది. నెల దాటినా తగ్గకపోతే దానికీ మందుంది. ఇంకో మాట. తేన్పులు, కడుపు ఉబ్బరం చాలాకాలంగా ఉంటే అవి రాళ్ల వల్లే రావాలని లేదు, ఆపరేషన్ తర్వాత కూడా ఉండొచ్చు. మీరు రాసిన ఆ తీవ్రమైన నొప్పి మాత్రం తగ్గాలి.

రెండు రోజుల తర్వాత స్నానం చేయొచ్చు, మీ సర్జన్ వేసిన పట్టీని బట్టి. వారం పది రోజుల్లో కౌంటర్ దగ్గర కుర్చీలో కూర్చుని డబ్బులు తీసుకోగలరు. రెండు వారాలకి పెనం దగ్గర నిలబడగలరు. గ్రైండర్ నుంచి పిండి గిన్నె ఎత్తడం, సిలిండర్ జరపడం, నీళ్ల బిందెలు మోయడం మాత్రం నాలుగు నుంచి ఆరు వారాలు వద్దే వద్దు. బొడ్డు దగ్గర లోపలి కుట్టు పూర్తిగా గట్టిపడకముందే బరువెత్తితే అక్కడ హెర్నియా రావొచ్చు, అంటే లోపలి భాగం బయటికి పొడుచుకు రావొచ్చు. టిఫిన్ సెంటర్లలో ఆడవాళ్ల పని ఎంత బరువో నాకు తెలుసు. ఆ నెలన్నరకి మనిషిని పెట్టుకోండి, లేదా మీవారిని ఎత్తమనండి.

కోలుకోవడానికి నేను చెప్పే గుర్తు ఒకటే: ప్రతిరోజూ నిన్నటికన్నా బాగుండాలి. మూడోరోజు కన్నా నాలుగోరోజు నొప్పి పెరిగిందంటే ఏదో తేడా ఉన్నట్టే. 101 డిగ్రీలు దాటిన జ్వరం, చలి, కళ్లు పచ్చబడడం, మూత్రం చిక్కటి పసుపు రంగులో రావడం, పొట్ట ఉబ్బి ఆగని వాంతులు, కుట్ల దగ్గర చీముగానీ పసరుగానీ కారడం, ఒక కాలి పిక్క వాచి నొప్పెట్టడం, వీటిలో ఏది కనిపించినా ఫోన్లో మాత్ర అడగకుండా, ఆపరేషన్ చేసిన హాస్పిటల్‌కే వెళ్లండి. అర్ధరాత్రయినా సరే.

తీసిన రాళ్లని చిన్న డబ్బాలో వేసి ఇస్తే ఇంటికి తీసుకెళ్లి చుట్టాలకి చూపిస్తారు. తీసిన పిత్తాశయాన్ని ల్యాబ్‌కి పంపిన రిపోర్ట్ తెచ్చుకోవడం మాత్రం చాలామంది మరచిపోతారు. అరుదుగా అందులో క్యాన్సర్ బయటపడుతుంది. వారం పదిరోజుల్లో వస్తుంది, తప్పకుండా తెచ్చి సర్జన్‌కి చూపించండి.

పెళ్లి దాకా ఆగాలా అన్నారు. ఆగొద్దమ్మా. రాయి అడ్డుపడి పిత్తాశయం వాచినా, పసరు నాళంలోకి జారి కామెర్లు వచ్చినా, క్లోమం (పాంక్రియాస్) వాచినా అది రోజులకొద్దీ హాస్పిటల్. షుగర్ ఉన్నవాళ్లకి ఇన్ఫెక్షన్ ఇంకా తొందరగా ముదురుతుంది. వాపు మీద చేసే ఆపరేషన్ సర్జన్‌కీ కష్టం, మీకూ కష్టం. పెళ్లిపనుల్లో వేళ తప్పిన భోజనాలు, ఊళ్లన్నీ తిరిగి శుభలేఖలు పంచడం, రోజూ నూనె వంటలు... ఆ హడావిడిలో నొప్పి వస్తే ఎవరు చూస్తారు? ఈ రెండు మూడు వారాల్లో చేయించుకుంటే పెళ్లి నాటికి ఆరు వారాల పైనే గడుస్తుంది. పీటల మీద కూర్చుని కన్యాదానం చేయగలరు, పప్పన్నంలో నెయ్యి కూడా వేసుకోగలరు. ఈలోపు మళ్లీ నొప్పి వస్తే గ్యాస్ మాత్రతో సరిపెట్టకండి. గంటలు గడిచినా తగ్గకపోయినా, జ్వరం వచ్చినా ఆ రాత్రే వెళ్లండి. వెళ్లేటప్పుడు స్కానింగ్ రిపోర్టు, షుగర్ మాత్రల చీటీ చేతిసంచిలో పెట్టుకోండి.