ఆడవాళ్ళ రేజర్ అని వేరేగా కొనాలా?

మీ అన్నయ్య వాడే రేజర్‌కీ, ‘ఫర్ విమెన్’ అని రాసి ఉన్న మీ రేజర్‌కీ తేడా కనబడట్లేదని, మరి మీదానికి ధర ఎందుకు ఎక్కువని, మగవాళ్ళది వాడితే చర్మం పాడవుతుందా అని అడిగారు. పాడవదు. నేను ఆరేళ్ళుగా మగవాళ్ళదే వాడుతున్నాను. చర్మం బాగా తడిసి, సబ్బు నురగ ఉండి, బ్లేడు పదునుగా ఉంటే చాలు. అరిగిన బ్లేడు ఏ రంగుదైనా గీరుతుంది.

నేను పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో క్యూసీ కెమిస్టుని, అంటే మందుల నాణ్యత పరీక్షించే పని. లేబుళ్ళు చదవడమే ఉద్యోగం కనక షాపులో కూడా ఆ అలవాటు పోదు. ఒకసారి గాజువాకలో ఒకే కంపెనీ రేజర్ ప్యాకెట్లు రెండు పక్కపక్కన పెట్టి చూశాను. నీలం ప్యాకెట్లో 5, ధర 100 రూపాయలు. గులాబీ ప్యాకెట్లో 3, ధర 99. పైపైన చూస్తే గులాబీదే రూపాయి తక్కువ. ఒక్కోటి లెక్కేస్తే అటు 20, ఇటు 33! అందుకే ఎమ్మార్పీ దగ్గర ఆగకండి. ఇప్పుడు చాలా ప్యాకెట్ల మీద యూనిట్ సేల్ ప్రైస్ అని గ్రాముకో, మిల్లీలీటరుకో, ఒక్కోదానికో ఎంత పడుతుందో వేస్తున్నారు. అక్షరాలు చిన్నవే, కానీ చూడాల్సింది అదే. మా అమ్మ ‘ఆడవాళ్ళ కోసం’ అని రాసిన పౌడరు డబ్బా అడిగినా మొదట డబ్బా వెనకున్న పట్టికే చదువుతాను.

ఇది మీ భ్రమ కాదు. 2015లో న్యూయార్క్ నగర వినియోగదారుల శాఖ దాదాపు 800 వస్తువులు పోల్చి చూస్తే ఆడవాళ్ళ పేరుతో అమ్మేవి సగటున 7 శాతం ఎక్కువ ధర ఉన్నాయి. షాంపూ, రేజర్ లాంటి వాటిలో అది 13 శాతం. కాలిఫోర్నియాలో 2023 నుంచి దీని మీద చట్టమే ఉంది. అలాగని అంతా మోసం అనను. కొన్ని ఆడవాళ్ళ రేజర్లకి తల వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది, మోకాలి దగ్గర సులువుగా తిరుగుతుంది. మీకు అది హాయిగా ఉంటే కొనుక్కోండి.

నాకు అసలు బాధ వేరే ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకిచ్చిన సేఫ్టీ షూ 7 నంబరు. నా కాలు 4. రెండు జతల సాక్సులేసి, ముందు దూది కుక్కి నడిచేదాన్ని. ఒకరోజు వాష్ ఏరియాలో తడి నేల మీద జారి మోకాలు చిట్లింది. స్టోర్స్‌లో అడిగితే ‘లేడీస్ సైజుకి ఇండెంట్ పెట్టాలమ్మా’ అన్నారు, అంటే కావాలని విడిగా రాసి పంపాలి. మూడు నెలలు పట్టింది. గ్లోవ్స్ కూడా పెద్దవే, వేళ్ళ చివర వేలాడుతుంటే ద్రవాలు కొలిచి తీసే పిపెట్ గొట్టం పట్టు దొరికేది కాదు. మనకి నిజంగా వేరే కొలత కావాల్సిన చోట ఎవరికీ గుర్తురాం. అక్కర్లేని చోట మాత్రం గులాబీ రంగు వేసి మరీ పిలుస్తారు. ప్యాడ్ల సంగతీ అంతే. మనకి తప్ప ఎవరికీ అక్కర్లేని ఆ వస్తువు మీద 2017 జూలైలో 12 శాతం జీఎస్టీ వేశారు, అది పోవడానికి ఏడాది పట్టింది. తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

మీరు ఎక్కడైనా చేరితే మొదటి రోజే షూ, గ్లోవ్స్ సైజు కాగితం మీద రాసివ్వండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. నోటితో చెప్పింది ఎవరికీ గుర్తుండదు.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ చెబుతాను. కుర్తీలకి జేబులుండవు కదా. బస్సులో ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని విసిగిపోయి, మా టైలరు గారి చేత అన్నింటికీ పక్క జేబులు వేయించుకున్నాను. ఫోను పట్టేంత లోతుగా వేయించండి. కొలతలిచ్చేటప్పుడే చెప్పాలి, తర్వాతైతే పక్క కుట్టంతా విప్పాలి.